శుక్రవారం నాడు గడియారం మనిషి

అలియాబాద్ చౌరస్తాలో ఎవరైనా పట్నానికి దారి అడిగితే నేనిప్పుడు జాఫర్ హోటలు వైపు వేలు చూపించి ఊరుకుంటున్నాను. ఇదివరకు అలా కాదు. దారితో పాటు చార్మినారు ఎత్తు, గోలకొండ గోడ మందం, మధ్యలో చాయ్ ఎక్కడ తాగాలో కూడా చెప్పిగానీ వదిలేవాణ్ణి కాదు. ఈలోగా వాళ్ల బస్సు వెళ్లిపోయేది. అది వేరే సంగతి.

ఆ నోరు ఎందుకు మూతపడిందని మీరంతా రోజూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. చాయ్ చల్లారనివ్వకండి.

నేను డిగ్రీ పట్నంలో చదివాను. ఇది నిజం. పట్నమంతా చూశాను. ఇది అబద్ధం. హాస్టలు నుంచి కాలేజీ, కాలేజీ నుంచి హాస్టలు, శనివారం బస్సెక్కి ఊరు. చార్మినారును ఒక్కసారి బస్సులోంచి చూశాను, అదీ ఎవరిదో చంక కింద నుంచి.

పెళ్లిచూపుల్లో మా మామ కుర్మయ్య అడిగిన ప్రశ్న ఒక్కటే.

"పట్నం ఎర్కేనా పిలగా?"

"నా ఇంటి వాకిలి ఎర్కలేకపోవచ్చు గని పట్నం ఎర్కే" అన్నాను.

ఆ మాటకే పిల్లనిచ్చాడు. మా అత్తగారి ఊరు ప్రజ్ఞాపూర్ అవతల. అక్కడ నలుగురు కూర్చున్న చోటల్లా మామ "మా రవీందర్‌కు పట్నం నోటికొస్తది" అని చెప్పుకుంటాడు. ఆ ఊళ్లో నాకు కోడికూర వడ్డించేది నా జిరాక్స్ దుకాణాన్ని చూసి కాదు, ఆ పట్నాన్ని చూసే.

పోయిన చలికాలం ఒక గురువారం మామ, అత్తమ్మ సిద్దమ్మ మా ఇంట్లో దిగారు. అత్తమ్మ మూట దించి, ఇచ్చిన నీళ్లు తాగకుండానే అంది:

"అల్లుడా, నాకు గా మ్యూజియంల గడియారం జూపియ్యాలె."

"ఏ గడియారం అత్తమ్మా?"

"తలుపు తీసుకొని మనిషంత మనిషి బయటికొచ్చి గంట గొడ్తడట గదా. మా పక్కింటి బుచ్చవ్వ జూసొచ్చింది. ఇగ నీళ్ల నల్ల కాడ గదే ముచ్చట, నాట్ల కాడ గదే ముచ్చట. మొన్న సావు కాడ గూడ గదే. 'నువ్వు జూడలేదు గదా సిద్దమ్మా, నీకేం తెల్వది' అని నా మొకం మీదనే అంటది."

"గంతేనా? నేను జూపిస్త" అన్నాను. అన్నాక చెప్పులు వేసుకున్నాను.

నేరుగా జాఫర్ దగ్గరికి వెళ్లాను. హోటలు పెట్టక ముందు జాఫర్ పాతబస్తీలో ఆటో నడిపినవాడు.

"సాలార్‌జంగ్‌కా? ఏ దినమన్న పో భాయ్, శుక్రవారం మాత్రం పోకు. బంద్ ఉంటది" అన్నాడు.

అతను చెప్పిన దాంట్లో నాకు పనికొచ్చేది చివరి ముక్కే. లోపలికి వెళ్తే ఏ మెట్లెక్కాలో, ఏ గదిలో ఏముందో నాకు తెలియదు. గేటు మూసి ఉంటే మాత్రం లోపల ఏముందో చెప్పాల్సింది నేనే. నేను ఏది చెబితే అదే ఉంటుంది. సాయంత్రానికి ఇల్లు, నా పట్నం పదిలం.

"రేపే పోదాం" అన్నాను ఇంటికొచ్చి.

"రేపు శుక్రవారం" అంది నా భార్య శృతి.

"అయితేంది? లక్ష్మీదేవి దినం."

"దుకాణం?"

"అత్తమ్మ కంటె దుకాణం ఎక్కువనా?"

శృతి చపాతీ కర్ర ఆపి నన్ను కాసేపు చూసింది. "సరే. మీ ఇష్టం" అంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. శృతి నన్ను నువ్వు అంటుంది. మీరు అన్నదంటే నా మీద ఏదో కేసు రాసిందని అర్థం. ఆ రాత్రి నేను సంతోషంలో ఉండి గమనించలేదు.

పొద్దున ఒక పెద్ద బ్యాగు తెచ్చి నా భుజానికి తగిలించింది.

"గిదేంది, గింత బరువు?"

"అమ్మకు చలి, నాయినకు అరుగుదల లేదు. దుప్పట్లు, గోలీలు, సద్ది."

"పొద్దుమూకె వరకు ఇంట్ల ఉంటం గద."

"మీకు తెల్వంది ఏముంది. మోయున్రి."

మోశాను. సికింద్రాబాద్‌లో బస్సు మారి అఫ్జల్‌గంజ్‌లో దిగి నయాపూల్ మీదుగా నడిచాము. మూసీ వాసన రాగానే మామ ముక్కు మూసుకొని, పాత చుట్టం ఎదురుపడినట్టు "ఏం మారలే" అన్నాడు. జీవాలు అమ్మడానికి పట్నం వచ్చినప్పుడల్లా ఊరంతా తిరిగి చూసేవాణ్ణని మామ అత్తమ్మకు పెళ్లయిన నాటి నుంచి చెబుతున్నాడు.

మ్యూజియం గేటు మూసి ఉంది. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో సాధన చేసిన ముఖం పెట్టి, "అరెరె, బందా" అన్నాను.

అత్తమ్మ గేటు ఊచలు పట్టుకొని లోపలికి చూస్తూ నిలబడింది. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. అందుకని ఆమె మనసు నింపడానికి మొదలుపెట్టాను.

"లోపట నవాబు మంచం ఉంటదత్తమ్మా. నలభై కాళ్లు. ఒక్కొక్క కాలు తుడిసేతందుకు ఒక్కొక్క నౌకరు."

"అవును" అన్నాడు మామ పక్కనుంచి. "నేను జూసినప్పుడు ఒక కాలు ఊగుతుండె."

ఆ మంచం అప్పటికి అరనిమిషం కిందట నా నోట్లో పుట్టింది.

పరీక్షిద్దామని ఇంకొకటి వదిలాను. "చప్పట్లు కొడితె వెలిగే దీపం గూడ ఉంటది."

"మల్లొక్కసారి కొడితె ఆరిపోతది" అన్నాడు మామ.

"గడియారంల మనిషి ఆరడుగులుంటడు. బయటికొచ్చి గంట గొట్టి మీసం దువ్వుతడు."

"మీసం దువ్వుడే గాదు. ఓపాలి నాకెళ్లి జూసి తల గూడ ఊపిండు."

అప్పుడు తెలిసింది నాకు. మామ ఏనాడూ జీవాల మార్కెట్ దాటి పట్నంలో అడుగు వేయలేదు. మేమిద్దరం ఒకే చంక కింద నుంచి పట్నం చూసినవాళ్లం. కాకపోతే ఆయన సంగతి నాకు తెలుసు, నా సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పేవన్నీ నిజాలనుకొని పాపం వాటి మీద తన ఇటుకలు పేరుస్తున్నాడు.

అత్తమ్మ అంతా విని, గోడ నీడన చీర సర్దుకొని ఫుట్‌పాత్ మీద కూర్చుంది.

"ఇద్దరు గింతగనం జెప్పినంక జూడకుంట ఎట్ల పోత? కూసోన్రి."

"అత్తమ్మా, బంద్ ఉంది."

"బందయితె తెరుస్తరు గద. గీ రెండు మూడేండ్లల మనం ఎన్ని బందులు జూడలే? తెల్లారంగనే దుకాండ్లు తెరిసిరి, బస్సులు నడిసె."

ఉద్యమం రోజుల బందులు మా ఇంటి పథకాన్ని ఇలా దెబ్బ తీస్తాయని ఎవరనుకున్నారు.

"రాత్రి యాడ ఉంటం?" అన్నాం నేనూ మామా ఒకేసారి.

"హజీరా చెల్లె నజ్‌నీన్ ఇల్లు గీడనే, దారుల్‌షిఫాల" అంది శృతి. హజీరా అంటే మన జాఫర్ భార్య. "రమ్మన్నది. నిన్ననే ఫోన్ జేసిన."

"నిన్ననేనా? ఎందుకు?"

"అమ్మకు మోకాళ్ల నొప్పి. యాడనన్న ఆగవలసొస్తె అని. దుప్పట్లు మీ భుజానికే ఉన్నయ్ గద."

నజ్‌నీన్ ఎంతో మర్యాద చేసింది. ఖిచిడీ, పుల్లటి ఖట్టా పెట్టింది. సాయంత్రం మామ నన్ను గల్లీలోకి పిలిచాడు.

"అల్లుడా, రేపు ఆడోళ్లను లోపటికి తోలుదాం. మనం బయట చాయ్ తాగుదాం. మనం జూసినోళ్లమే గద."

ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన ప్రేమ పెళ్లినాడు కూడా కలగలేదు.

తెల్లవారి గేటు తెరిచేసరికి శృతి కౌంటరు దగ్గరి నుంచి నాలుగు టికెట్లతో వచ్చింది.

"మాకెందుకు బిడ్డా, మేం జూసినం" అన్నాడు మామ.

"కొన్నంక వాపసు దీసుకోరు నాయినా. పైసలు ఖరాబు జేస్తవా?"

చిరిగిన గోనెసంచి కూడా పారేయని మనిషి. తల వంచుకొని లోపలికి నడిచాడు. వెనక నేను. బ్యాగును గేటు దగ్గర పెట్టించుకున్నారు. నన్ను కూడా అక్కడే పెట్టించుకుంటే బాగుండు అనిపించింది.

అత్తమ్మ మొదట కనబడిన గార్డునే పట్టుకుంది. "అయ్యా, మంచం యాడుంది?"

"కౌన్సా పలంగ్ అమ్మా?"

"నలభై కాళ్లది. ఒకటి ఊగుతది."

గార్డు మా ఇద్దరి వైపు చూశాడు. మేమిద్దరం కప్పు వైపు చూశాం. కప్పు చాలా బాగుంది.

శృతి ముందుకొచ్చింది. "కాళ్లకు పాలిష్ కొట్టనీకి లోపటికి వెట్టిన్రటమ్మా" అని, నా చెవి దగ్గరికి వంగి "ఒకటి" అంది.

"ఏంది ఒకటి?"

"మీ అబద్ధం. నేను ఆదుకున్నది."

చప్పట్ల దీపం కోసం అత్తమ్మ పింగాణీ గదిలో చప్పట్లు కొట్టింది. గదిలోని వాళ్లంతా ఆగి చూశారు. "కరెంటు కోతమ్మా" అంది శృతి. నా వైపు తిరిగి, "రెండు."

ఇంతలో నాకు ఇంకో సంగతి తట్టింది. శృతి ఎవరినీ దారి అడగడం లేదు. రాతిలోనే పలుచని ముసుగు చెక్కిన బొమ్మ ముందు తల్లిని కాసేపు నిలబెట్టింది. అక్కడి నుంచి ఇంకో బొమ్మ దగ్గరికి తీసుకుపోయింది. చెక్క బొమ్మ. ముందు నుంచి చూస్తే ఛాతీ విరుచుకున్న మగాడు, వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న ఆడమనిషి.

"మొగోడు గిట్లనే నిలవడ్తడు" అంది అత్తమ్మ మామ వైపు చూసి.

"మనింట్ల ఆమె తల వంచుకోలే, లెక్క జూస్తున్నది" అంది శృతి నాకు మాత్రమే వినబడేలా.

"నువ్వు గీడికి ఎప్పుడొచ్చినవ్?" అన్నాను.

"పోయినేడు. హజీరా, నేను, ముత్తమ్మక్క. మహిళా సంగం మీటింగని పోయినం గద."

"అది బ్యాంకుల అన్నవు."

"మీటింగు బ్యాంకులనే. అయినంక గీడికొచ్చినం. గేటు మూసున్నది. గా దినం శుక్రవారం. మల్ల శనివారం ఒచ్చి జూసినం."

అంటే నేను గురువారం రాత్రి "లక్ష్మీదేవి దినం" అన్నప్పుడే ఈమె దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. నా పథకాన్ని నా భుజం మీదే మోయించింది.

గడియారం ముందు జనం బడిపిల్లల్లా కూర్చున్నారు. అత్తమ్మ అందరికంటే ముందు చోటు చేసుకుంది. మామ స్తంభం వెనక నిలబడ్డాడు. స్తంభం వెనక ఇద్దరికి చోటు లేదు, ఉంటే నేనూ నిలబడేవాణ్ణి.

గడియారంలో ఒక బుల్లి కమ్మరి సుత్తితో ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. ఇంట్లో వాడి భార్య కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. ఇంతలో చిన్న తలుపు తెరుచుకుంది. జానెడైనా లేని గడ్డం మనిషి ఒకడు బయటికొచ్చి గంట కొట్టాడు. కొట్టడం కాగానే ఎవరినీ పలకరించకుండా లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

జనం లేచారు. అత్తమ్మ లేవలేదు. మెల్లగా స్తంభం వైపు తిరిగింది.

"ఏమయ్యా, మీసం దువ్వలే."

"గడ్డం వెంచిండు. మీసం కానస్తలేదు" అన్నాడు మామ.

"నీకెళ్లి జూసి తల ఊపలే."

మామ నా వైపు చూశాడు. మునిగేవాడు గడ్డిపరకను చూసినట్టు.

"గప్పటాయన రిటైరయిండత్తమ్మా" అన్నాను. "గీయన కొత్తగ ఒచ్చినట్టుండు."

"మూడు" అంది శృతి.

అత్తమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నా కోడికూర, నా పట్నం, నా మర్యాద అన్నీ ఆ చూపు మీద ఆగి ఉన్నాయి. ఉన్నట్టుండి ఆమె కొంగు నోట్లో కుక్కుకొని నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు ఊగుతున్నాయి. గార్డు నీళ్లు తేబోయాడు.

"ఏందమ్మా?" అంది శృతి.

"బుచ్చవ్వ మనిషంత మనిషి అని జెప్పె గద బిడ్డా" అంది అత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ. "గామె గూడ శుక్రవారమే ఒచ్చిందే."

తర్వాత ఆమె తిరిగి కూర్చుంది. ఇంకో గంట కొట్టేదాకా కదలనంది. ఆ మనిషి చొక్కా రంగు, గడ్డం తీరు, తలుపు ఎటు వైపు తెరుచుకుంటుందో అన్నీ గుర్తుపెట్టుకుంది. ఊళ్లో నల్ల దగ్గర వాటితో పని ఉందట. మంచం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆమెకు ఇప్పుడు కోయడానికి మా కంటే పెద్ద కోడి, బుచ్చవ్వ, దొరికింది.

బయటికి వస్తుంటే శృతి అంది, "మూడు అబద్ధాలకు మూడు సార్లు పట్నం. ముందుగాల జూ పార్కు జూపియ్యి. ఏ దినం పోదామో నువ్వే జెప్పు, నీకు పట్నం ఎర్కే గద."

నువ్వు అంది. నాకు ప్రాణం లేచొచ్చి నోరు తెరిచాను.

"సోమవారం తప్ప" అంది. "జూకు సెలవుంటది."

నోరు మూసుకున్నాను. అప్పటి నుంచి ఇంకా పూర్తిగా తెరవలేదు.

గేటు దగ్గర బ్యాగు ఇచ్చారు. నేను చేయి చాచేలోపు మామ దాన్ని అందుకొని తన భుజానికి తగిలించుకున్నాడు.