జక్కయ్య పేరు మీద విప్లవం

విప్లవాన్ని లాఠీలతో అణిచే ప్రభుత్వానికి పరిపాలన చేతకాదని ఒప్పుకోవాలి. చేతనైన ప్రభుత్వం విప్లవం గుమ్మంలోకి రాగానే లేచి నిలబడి, కుర్చీ చూపించి, తండ్రి పేరేమిటని అడుగుతుంది. పల్నాటిలో, పేరు చెప్పడం మర్యాద కాని ఒక తాలూకా కచేరీ ఈ కళలో ఎంత ఆరితేరిందో చరిత్రకారులు ఇంకా గుర్తించలేదు. (గుర్తించదలచినవారు స్టాంపు అతికించి అర్జీ పెట్టుకోవచ్చు.)

జక్కయ్య తండ్రి మిషన్ బడిలో పంతులు. కొడుకును గుంటూరు కాలేజీలో చేర్పిస్తే, చదువు పూర్తయితే గుమాస్తానైపోతానని భయపడి, జక్కయ్య మధ్యలోనే మాచర్ల రైలెక్కి వచ్చేశాడు. వస్తూ ఒక ఎర్ర తువ్వాలూ, మూడు సిద్ధాంతాలూ తెచ్చుకున్నాడు. భూమి దున్నేవాడిది. పంట పండించినవాడిది. శిక్ష నాయకుడిది. మొదటి రెండింటికీ ప్రభుత్వం ఒప్పుకోలేదు గానీ, మూడోదానికి ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.

ఆదివారం ఆరాధన అయిపోగానే జక్కయ్య చర్చి మెట్ల మీద నిలబడి, "భూమి దున్నేవాడిదే!" అని పిడికిలెత్తేవాడు. ఊరవతల ఉన్న వాళ్ల పాలెం మొత్తం తలలు వంచి "ఆమెన్" అనేది. తిరుగుబాటుకు ఇది తగిన నినాదం కాదని అతను ఎంత నచ్చజెప్పినా, ఆ చోట నిలబడితే నోటికి మరో మాట రావడం లేదని వాళ్లు విన్నవించుకున్నారు.

పాలెం పక్కనే పన్నెండెకరాల సర్కారు బీడు ఉండేది. నాపరాళ్లు, తుమ్మ మొద్దులు, పాములు తప్ప దాన్ని అడిగినవాడు లేడు. యాభై ఎనిమిదిలో జక్కయ్య మాట మీద పది కుటుంబాలు రాళ్లేరి, మొద్దులు పెకలించి, జొన్నా కందీ చల్లాయి. అతని మేనత్త హన్నమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. అప్పటిదాకా నాది అని చెప్పుకోవడానికి ఒక మేక ఉండేది. తన వంతుకొచ్చిన ఎకరం చెక్క బాగుచేసేసరికి ఆమె అరచేతుల్లో తోలు మిగల్లేదు. (జక్కయ్య కూడా నాగలి పట్టి చూశాడు. ఎద్దులు ఒప్పుకోలేదు.)

"పోలీసులొస్తారు. ఎవరూ మీ పేర్లు చెప్పొద్దు. ఎవరు దున్నారని అడిగితే నా పేరే చెప్పండి. జైలుకు నేనొక్కణ్నే పోతా," అన్నాడు జక్కయ్య.

"ఏందిరా జక్కా, చేసిన పని చెప్పుకోటానికి సిగ్గేంది మాకు?" అంది హన్నమ్మ.

"నీకు తెలవదత్తా. నాయకుడంటే అంతే."

అందరి శిక్షా ఒక్కడు మోయడమనేది పాలేనికి కొత్త సంగతేమీ కాదు. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం వింటున్నదే. భూసంస్కరణల మీద అతను చెప్పిన మాటలన్నింటిలోనూ వాళ్లకు పూర్తిగా అర్థమైంది ఇదొక్కటే.

హెడ్ కానిస్టేబుల్ జాన్ సాహెబ్ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఈ చెక్క ఎవరిదే?" అని హన్నమ్మను అడిగాడు.

"మా జక్కయ్యదయ్యా."

"ఆ పక్కది?"

"అదీ జక్కయ్యదే."

"పన్నెండెకరాలూ ఒక్కడే దున్నాడా?"

"చానా కష్టపడే పిల్లోడయ్యా," అంది హన్నమ్మ, బొబ్బలెక్కిన చేతులు కొంగు కింద దాచుకుని.

జాన్ సాహెబ్ పక్కనే నిలబడ్డ జక్కయ్య అరచేతుల వంక చూశాడు. ఆలోచించేటప్పుడు గడ్డం కింద పెట్టుకోవడానికి తప్ప వాడిన జాడ లేదు. అయినా ఊరంతా ఒక్క మాట మీద ఉన్నప్పుడు కాదనడం శాంతిభద్రతలకు మంచిది కాదని, అలాగే రాసుకున్నాడు.

ఇది ఆనవాయితీ అయింది. ఏటా పాలెం విత్తేది, కచేరీ నోటీసు పంపేది, భూమిని అక్రమంగా దున్నినందుకు జక్కయ్య జైలుకు పోయేవాడు. మన కోసం లోపలున్నాడు కదా అని పది కుటుంబాలూ అతని పేరు మీదే జరిమానా కట్టేవి. దున్నడం రాని మనిషికి దున్నినందుకు ఇన్నిసార్లు శిక్ష పడటం తాలూకాలో అదే మొదలు.

అరవై నాలుగులో ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది. బీళ్లను ఏళ్ల తరబడి సాగుచేస్తున్న పేదలకే పట్టాలివ్వాలన్నారు. పాలెం తలలకు నూనె రాసుకుని జక్కయ్య వెంట కచేరీకి వెళ్లింది. తహసీల్దారు శివరామయ్య లేచి నిలబడి, కుర్చీ చూపించాడు.

"రండి జక్కయ్య గారూ. తమరి కేసంత గట్టి కేసు ఈ తాలూకాలో లేదు. తమరే దున్నారని కోర్టు ఏటా తీర్పు చెప్పింది. పన్నెండెకరాలూ తమకే."

"నాది కాదండీ, వీళ్లది."

"వీళ్లకు సాక్ష్యమేముంది? ఒక్కరైనా జైలుకు పోయారా?"

"దున్నింది వీళ్లేనండీ. నేను చెప్పమంటేనే నా పేరు చెప్పారు."

"అంటే ఇన్నేళ్లూ పోలీసులకు అబద్ధం చెప్పారన్నమాట," అని శివరామయ్య నిజంగానే బాధపడ్డాడు. "అందరి మీదా కేసులు పెట్టాల్సి వస్తుందే!"

"పోనీ, నా పట్టా వీళ్లకు రాసిచ్చేస్తా."

"పేదవాడికిచ్చిన భూమి చేతులు మారకూడదండీ. పేదవాణ్ని కాపాడటానికే ఆ నిబంధన."

"నాకసలు వద్దంటే?"

"వేలం వేస్తాం. మీ ఊరి మోతుబరి ఇప్పటికే రెండుసార్లు వచ్చి కాఫీ తాగి వెళ్లారు."

జక్కయ్య వెనక్కి తిరిగి చూశాడు. పదిళ్లవాళ్లూ వరండాలో నమ్మకంగా నిలబడి ఉన్నారు. అతనికి ఏడుపొచ్చింది, ఏడుస్తూనే సంతకం చేశాడు.

పట్టాదారు స్వయంగా గానీ, కూలీలతో గానీ సాగు చేయాలి. ఇంకెవరు కనిపించినా పట్టా రద్దు. అందుకని పది కుటుంబాలూ తమ చెక్కల్లో తామే కూలీలుగా దిగాయి. కూలి చాలడం లేదని సంఘం పెట్టుకున్నాయి. దానికి అధ్యక్షుడిగా, మాట్లాడటం తెలిసిన జక్కయ్యనే ఎన్నుకున్నాయి. అధ్యక్షుడి హోదాలో అతను మెమోరాండం సమర్పించాడు. పట్టాదారు హోదాలో అందుకుని, సానుభూతితో పరిశీలిస్తానన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. మొదటి ఏడు పంటంతా పంచేశాడు. రెండో ఏడు విత్తనాలకని కొంత ఉంచుకున్నాడు. మూడో ఏడు అతనికి పెళ్లయింది.

ఆ ఏడు తొలకరికి హన్నమ్మ అతని వాకిట్లోకి వచ్చి, అరుగు దిగువనే ఆగిపోయింది.

"ఆ ఎకరంలో కంది వెయ్యమంటారా, మిరప పెట్టమంటారా?"

"ఏందత్తా, నన్ను పట్టుకుని 'వెయ్యమంటారా' అంటావు?"

"పట్టాదారులు గదా నాయనా," అంది ఆమె. ఎగతాళి కాదు, కచేరీలో అలాగే పిలిచారు కదా అని పిలిచింది. జక్కయ్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మిరప పెట్టమన్నాడు.

ఆ పాలెంలో భూసంస్కరణ సంపూర్ణంగా జయప్రదమైందని, భూమిలేని పేదల సంఖ్య ఒకటి తగ్గిందని శివరామయ్య జిల్లాకు నివేదిక పంపాడు.