పెట్రోలు చెవి

మధుసూదన్ బండిలో పెట్రోలు ఎంత ఉందో చూడడు, వింటాడు. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపుతాడు. ట్యాంకులోంచి వచ్చే చప్పుడుకు చెవి ఒగ్గి, "ఇది మునగాల దాక పోతది, మర్లి రాదు" అనో, "కోదాడ పోయి చాయ్ తాగి రావచ్చు" అనో తీర్పు చెబుతాడు. ఆ తీర్పు తప్పిన దాఖలా నడిగూడెంలో లేదు. పెట్రోలు ముల్లు పనిచేయని బండ్లవాళ్ళంతా ప్రయాణానికి ముందు అతని వాకిట్లో బండి ఊపించుకుని పోయేవాళ్ళు. నిండుగా కొట్టించుకున్నవాళ్ళు ఎలాగూ అడగడానికి రారు.

ఆ విద్య వంశపారంపర్యం. తండ్రి కాటయ్య గొర్రె నడుము మీద చెయ్యి వేసి మాంసం ఎంత పడుతుందో చెప్పేస్తాడు. కొడుకు గొర్రెల బేరాలకు బండి మీద ఊరూరూ తిరుగుతాడు కాబట్టి ఆ ప్రతిభ చేతిలోంచి చెవిలోకి ఎక్కింది.

సొంత బండిలో మాత్రం మధుసూదన్ ఏనాడూ నిండుగా కొట్టించలేదు. ట్యాంకు నిండిన బండికి చుట్టాలు ఎక్కువని అతని సిద్ధాంతం. "జర బండి ఇయ్యే అన్నా, గిప్పుడే వస్త" అని తీసుకుపోయినవాడు మిర్యాలగూడ దాకా పోయి, బిర్యానీ తిని, సినిమా చూసి వస్తాడు. అదే అడుగున కాస్త ఉంటే దారిలో ఆగిపోతుందన్న భయంతో తొందరగా తెచ్చిస్తాడు. అందుకే ఇంజనుకు పెట్రోలు వదిలే, ఆపే నాబ్ ఏళ్ళ తరబడి రిజర్వు మీదే ఉండిపోయింది. దాన్ని ముట్టుకోవాల్సిన పనే పడలేదు. రిజర్వు కింద ఇంకో రిజర్వు ఉండదు కదా!

ఆ ఆదివారం అతని భార్య నవనీతకు సూర్యాపేటలో టీచరు ఉద్యోగం పరీక్ష. పది గంటలకు హాల్లో ఉండాలి. నిమిషం ఆలస్యమైనా గేటు తియ్యరని హాల్ టికెట్ మీదే రాసి ఉంది. వచ్చే ఏటికి ఆమె వయసు దాటిపోతుంది. ఇంతకుముందు రెండుసార్లు పరీక్ష పడ్డప్పుడు ఒకసారి గొర్రెలకు రోగం వచ్చింది, ఇంకోసారి బోరు ఎండింది. రెండుసార్లూ మధుసూదన్ "మల్ల పడతది తీయ్" అన్నాడు. నవనీత ఏమీ అనలేదు. ఈసారీ ఏమీ అనకుండానే పొయ్యి ముందూ, దొడ్డి ముందూ కూర్చుని పుస్తకాలన్నీ చదివేసింది.

"పొద్దుగాల బస్సుకే పోత" అంది ఆమె తెల్లవారుతూనే.

"బస్సెందుకు? ఆ కుదుపులకు సదివిందంత కారిపోతది. కడుపు నిండ తిని కూసో, బండి మీద గంటల దింపుత" అన్నాడు మధుసూదన్.

వాళ్ళు ఉప్మా తింటుండగా బస్సు హారన్ కొట్టి మరీ వెళ్ళిపోయింది. బండి అంతకు ముందు రాత్రే ఇల్లు చేరింది. కోదాడలో ఉండే నవనీత తమ్ముడు ధర్మేందర్ వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో నౌకరీ అడగడానికి దాన్ని తీసుకుపోయాడు. రాత్రి తెచ్చి వాకిట్లో పెట్టి, బావ గొర్రెల దొడ్డి కాడ ఉన్నాడని పక్కింటివాళ్ళు చెబితే తాళం గూట్లో పెట్టి, ఆఖరి ఆటోకు పరుగెత్తాడు.

బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. దగ్గరి దారి పట్టుకుని ఊరు దాటారు. ఇళ్ళు వెనకబడి పత్తి చేలు మొదలయ్యేసరికి ఇంజను ముక్కింది, దగ్గింది, ఆగిపోయింది.

"ఏమైంది?" అంది నవనీత.

"ఏం కాలే. జర దిగు."

బండి ఊపాడు. చప్పుడు లేదు. మళ్ళీ ఊపాడు. చెవిని ట్యాంకుకే ఆనించి ఊపాడు. లోపల ఊరు ఖాళీ చేసినంత నిశ్శబ్దం.

"చుక్క లేదు. నీ తమ్ముడు నాకి పెట్టిండు."

"నా తమ్ముడు గసొంటోడు గాదు. ఓసారి మూత తీసి సూడరాదు?"

మధుసూదన్‌కు పౌరుషం వచ్చింది. మూత తీసి చూడటం చెవి లేనివాళ్ళ పని. "డాక్టరు రోగం తెల్వాలంటె కడుపు కోసి సూస్తడా? గొట్టం పెట్టి వింటడు. అయినా గీ ఎండల మూత తీస్తే ఉన్న నాలుగు చుక్కలు గూడ ఎగిరిపోతయ్."

"చుక్క లేదంటివి గద?"

జవాబు లేనప్పుడు మగవాడు బామ్మర్దికి ఫోన్ చేస్తాడు.

"ఏందిరా ధర్మేందర్! బండి తీస్కపోయినోనికి ఇంత పెట్రోలు పోసే సోయి ఉండదా? నీ అక్క పరీక్ష మన్నుల కలుస్తున్నది!"

"అదేంటి బావా, నేను నిన్న..."

"నువ్వేం చెప్పకు!" అని ఫోన్ కట్ చేశాడు. ఫోన్ మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి మోగితే స్విచ్చాఫ్ చేసి జేబులో వేసుకున్నాడు. ఇంటికంతటికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే.

ఇక తోయడమే దారి. బంకు హైవే మీద ఉంది. మధుసూదన్ హ్యాండిల్ పట్టుకున్నాడు. నవనీత పరీక్ష అట్టను చంకలో ఇరికించుకుని, కొత్త చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వెనక నుంచి తోసింది. బండి కదలనంటోంది.

"ఖాళీ బండి గింత బరువేందయ్యా?"

"ఉప్మా ఎక్కువైంది" అన్నాడు మధుసూదన్ రొప్పుతూ.

చెవి విద్యలో అతని శిష్యుడైన పాలవాడు కిష్ట్యా హైవే మీద హోటలుకు పాలు పోసి, ఖాళీ క్యాన్లతో మోపెడ్ మీద ఎదురొచ్చాడు. సంగతి విని నోరు తెరిచాడు. "పెట్రోలు అయిపోయిందా? నీకా అన్నా?" గురువు ఫెయిలైన సంగతి శిష్యుడు నమ్మలేక తానూ బండి ఊపి చెవి పెట్టాడు. "నిజమే, సప్పుడే లేదు. పోనీ నా దాంట్లకెల్లి ఇంత తీస్కో."

"మోపెడ్ పెట్రోల్ల నూనె కలుస్తది. నా ఇంజనుకు పడది."

"మరి వదినెను హైవే కాడ దించి వస్త."

నవనీత ఒక అడుగు ముందుకు వేసింది. "అవసరం లేదు" అన్నాడు మధుసూదన్. "నా పెండ్లాం పరీక్షకు నా బండి మీదనే పోతది." ఆ మాట ప్రేమతో అన్నాడో, పరువు కోసం అన్నాడో ఆ క్షణంలో అతనికే తెలియదు. నవనీత ఎండవంక చూసింది. కిష్ట్యా ఆ వార్తను ఖాళీ క్యాన్లలో నింపుకుని ఊళ్ళోకి బయల్దేరాడు.

ఇంకాస్త తోశాక కాటయ్య గొర్రెల మంద రోడ్డుకు అడ్డంగా వచ్చింది. ముసలాయన కొడుకునూ కోడలినీ బండినీ చూశాడు. కర్ర చంకన పెట్టుకుని, సీటు కింద చేతులు వేసి బండి నడుమును ఒక్కసారి ఎత్తి దించాడు.

"ఖాళీ కడుపు బరువు గాదురా ఇది" అన్నాడు.

"నాయినా, నీకు గొర్రెలు తెలుసు. ఇది బండి."

"బండైనా బరువు బరువే గద" అని గొణిగాడు కాటయ్య. అంతలో వెనక నుంచి హారన్ మోగింది. హైవే మీదికి పోయే ఆటో. మంద మధ్య చిక్కుకుని నిలబడింది. నవనీత కుచ్చెళ్ళు దించి, చీర సర్దుకుని, గొర్రెలను పక్కకు నెట్టుకుంటూ ఆటో వైపు నడిచింది.

"ఏయ్, ఆగు! బంకు గీడనే ఉన్నది!" అని అరిచాడు మధుసూదన్.

ఆమె వెనక్కి తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం లేవు. "నీ చెవి నువ్వు పెట్టుకొని కూసో. నా పరీక్ష నేను రాసుకుంట."

కూరగాయల గంపల మధ్య ఇరుక్కుని కూర్చుంది. కాటయ్య ఎన్నడూ లేనంత వేగంగా మందను పక్కకు తోలి, "పో బిడ్డా, దబ్బున పో" అన్నాడు. ఆటో దుమ్ములో కలిసిపోయింది. ఆమె వేళకు చేరుతుందో లేదో మధుసూదన్‌కు తెలియదు. ఆగి లెక్క వేసే ధైర్యం లేక బండి తోయసాగాడు.

హైవే కనబడుతుండగా ముందు నుంచి ఒక జీపు, వెనక నుంచి కొన్ని బండ్లు ఒకేసారి వచ్చి అతని చుట్టూ ఆగాయి. వెనక వచ్చినవాళ్ళు ఊరివాళ్ళు. మధుసూదన్ చెవికి ఏదో అయిందని కిష్ట్యా చెబితే పరామర్శకు వచ్చారు. జీపు కోదాడది. అందులోంచి అత్త లక్ష్మీనర్సమ్మ దిగింది, వెనకే పెట్రోలు క్యాన్‌తో ధర్మేందర్ దిగాడు.

"మా పిల్ల ఏదయ్యా అల్లుడూ? వాణ్ణి తిట్టి ఫోను ఆపేస్తే మేమేం అనుకోవాలి? ఎంత హడలిపోయామో తెలుసా?"

"ఆటోల పోయింది అత్తమ్మా" అన్నాడు మధుసూదన్. చుట్టూ జనం ఉండేసరికి అతనికి గొంతు పెగిలింది. "జర మీరే సెప్పున్రి. బండి తీస్కపోయినోడు మనిషైతే ఇంత పోసి పెడతడా, పెట్టడా? అక్క పరీక్షని తెలిసి గూడ చుక్క మిగల్చకుండ..."

ధర్మేందర్ తల వంచుకుని తాళం అందుకున్నాడు. ట్యాంకు మూత తీశాడు. పోయడానికి క్యాన్ వంచబోయి ఆగిపోయాడు. క్యాన్ మెల్లగా కింద పెట్టి, "బావా, ఒకసారి ఇటొచ్చి చూడు" అన్నాడు.

మధుసూదన్ తొంగి చూశాడు. పెట్రోలు మూతి దాకా నిలబడి ఉంది. వేలు పెడితే తడిసేటట్టు ఉంది. కిష్ట్యా చూశాడు. ఊరివాళ్ళు వంతులవారీగా వచ్చి చూసిపోయారు.

"నౌకరీ ఖాయమైంది బావా" అన్నాడు ధర్మేందర్. "ఆ సంతోషంలో, అక్క పరీక్షకి పోవాలి కదా, దారిలో ఆగకూడదని బంకులో మూతిదాకా కొట్టించాను. నిండుగా ఉంది, రాత్రి కారుతుందేమోనని నాబ్ ఆఫ్ చేశాను. పైపులో మిగిలిన చుక్కలతోనే మీరు ఊరు దాటి ఉంటారు. నాబ్ సంగతి చెబుదామంటే నువ్వు ఫోను ఎత్తవు. అయినా కారిపోయిందేమోనని క్యాన్ తెచ్చాను." వంగి నాబ్ తిప్పాడు. కిక్ కొట్టాడు. బండి హాయిగా మోగింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని మధుసూదన్‌కు అనిపించింది. మంద తోలుకుంటూ అప్పటికి అక్కడికి చేరిన కాటయ్య సంగతి విని, "నిండు కుండ తొణకదని పెద్దలు ఊకనే అన్నరా?" అని ఒక తప్పిపోయిన గొర్రె వెనక వెళ్ళిపోయాడు. జనం వెనక ఎవరో తమ బండి మూత తీసి చూసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"తప్పైంది ధర్మేందర్" అన్నాడు మధుసూదన్. ఆ మాట పెళ్ళయినప్పటి నుంచి అత్తవారింటి మనుషులతో అనడం అదే మొదలు.

నిండు ట్యాంకుతో బండి నడపడం అతనికి అలవాటు లేదు. దారి పొడుగునా ఎక్కడ ఆగుతుందోనన్న బెంగ లేకపోవడంతో బుర్రకు పని లేక ఇతర సంగతులు ఆలోచించింది. రెండుసార్లు "మల్ల పడతది" అన్నాడు. రెండుసార్లూ ఆమె చప్పుడు చెయ్యలేదు. చప్పుడు లేదు కాబట్టి లోపల ఏమీ లేదనుకున్నాడు. అంత పెద్ద కోరికను పక్కనే పెట్టుకుని ఇన్నేళ్ళు కాపురం చేశాడు, ఒక్కసారి అడిగి చూడలేదు. సిగ్గుతో చెవులు కాలాయి, ముఖ్యంగా ఆ చెవి.

సూర్యాపేటలో పరీక్ష బడి గేటు మూసి ఉంది. బయట నవనీత లేదు. లోపలికి చేరిందా, గేటు మూశాక వచ్చి ఏడ్చుకుంటూ వెనుదిరిగిందా? కాపలాదారును అడిగితే, "శానమంది వచ్చిన్రు, మీ ఆమె ఎవరో నాకేం ఎరుక?" అన్నాడు. మధుసూదన్ ఎండలోనే నిలబడ్డాడు. నీడకు పోతే ఆమె కనబడకుండా పోతుందేమోనని భయం.

గంట కొట్టారు. గేటు తెరిచారు. గుంపులో అట్ట చంకన పెట్టుకుని నవనీత వచ్చింది. మధుసూదన్ జనాన్ని తోసుకుంటూ ఎదురెళ్ళాడు.

"యాళ్ళకు అందినవా?"

"గేటు మూస్తుంటె ఉరికిన."

"ట్యాంకు నిండుగ ఉండె. నాబ్ బంద్ ఉండె. నీ తమ్ముడు మూతిదాక పోయించిండు. నేనే..." నాబ్‌ను వేలితో చూపించాడు. "తప్పు నాదే. గియాల్టిది ఒక్కటే గాదు, ఎనకటి రెండు గూడ."

ఆమె అతని వంక చాలాసేపు చూసింది. ఒక్క మాట అనలేదు. రోజులు మునుపటివైతే, కోపం లేదు కాబోలు అనుకుని బండి స్టార్ట్ చేసేవాడే. ఈసారి ఆగి, "ఎట్ల రాసినవ్?" అని అడిగాడు.

"చెవి పెట్టి సూడు" అంది నవనీత. "నోరు తెరిస్తే ఎగిరిపోతది."

అప్పుడు నవ్వింది. అతనూ నవ్వి, ఎక్కమన్నట్టు సీటు తుడిచాడు. ఆమె ఎక్కలేదు. తాళం అడిగి తీసుకుంది. మూత తీసి, లోపలికి తొంగి చూసి, వంగి నాబ్ కూడా చూసుకుని, అప్పుడు ఎక్కింది.