సముద్రం అవతలి గూళ్లు

ఒక పెద్ద అడవిలో, చింతచెట్ల మధ్య, సారంగి అనే జింక ఒక దుకాణం తెరిచింది. దానికి 'న్యాయమైన బేరం' అని పేరు పెట్టింది. సముద్రం అవతల దీవిలో గిజిగాళ్లు అల్లిన గూళ్లు తప్ప అందులో ఇంకేమీ అమ్మేది కాదు. మధ్యలో దళారులు ఉండకూడదు, అల్లినవాడి కష్టం అల్లినవాడికే దక్కాలి అన్నది దాని పట్టుదల. వలస బాతులు దీవి నుంచి గూళ్లు మోసుకొచ్చేవి, తిరిగి వెళ్లేటప్పుడు గింజలు మోసుకెళ్లేవి.

గుమ్మం మీద ఒక పెద్ద బొమ్మ వేలాడేది. టుంబో అనే దీవి గిజిగాడు ఎముకలు తేలి, వానలో తడుస్తూ, దిగులుగా చూస్తున్న బొమ్మ అది.

కరిణమ్మ అనే ఏనుగు ఆ బొమ్మ చూసినప్పుడల్లా తొండం చీదేది. ఆ చీదుడికి చింతాకు రాలిపడేది.

"పాపం, బిడ్డ! రెండు గూళ్లివ్వు సారంగీ."

కొన్న గూళ్లను ఏం చేసుకోవాలో మాత్రం ఎవరికీ తెలీదు. కరిణమ్మ చెవులకు జుంకాల్లా తగిలించుకుంది. ఎలుగుబంటి టోపీలా పెట్టుకుంది. ఒక కోతి తల దూర్చి మూడు రోజులు బయటికి రాలేక, "లోపల ఎంతో ప్రశాంతంగా ఉంది" అని చెప్పుకు తిరిగింది.

దుకాణానికి ఏడాది నిండింది.

"టుంబోనే పిలిపిద్దాం. మన మేలు ఎవరికి అందుతోందో అందరూ కళ్లారా చూస్తారు" అంది సారంగి.

అడవి పంచాయితీలో సంక్షేమ కార్యదర్శి నక్క. "భేష్! బాగా ఏడ్చేవాళ్లకి ముందు వరస కేటాయిద్దాం" అంది.

ఆ రోజు అడవంతా దిగింది. కరిణమ్మ కళ్లు తుడుచుకోవడానికి ఒక అరటాకు తెచ్చుకుంది. బాతులు వాలాయి. వాటి వీపు మీంచి టుంబో దొర్లాడు. నిజంగానే దొర్లాడు. గుమ్మడికాయలా ఉన్నాడు.

"అందరూ బాగున్నారా?" అంటూ ఓ పాట కూడా ఎత్తుకున్నాడు.

అందరూ ఒకసారి బొమ్మ వైపు, ఒకసారి అతని వైపు చూశారు.

"ఎవడు వీడు?" అంది కరిణమ్మ.

"నేనేనమ్మా, టుంబోని! మీ గింజలు తినే ఇలా అయ్యాను. మా ఆవిడ నాకంటే లావు. పిల్లలు చక్కగా బడికెళ్తున్నారు."

"మరి బొమ్మలో ఆ దిగులేంటి?"

"అప్పుడు ఆకలేసిందమ్మా. ఇప్పుడు వెయ్యట్లేదు."

కరిణమ్మ అరటాకు మడిచి నోట్లో వేసుకుంది. "ఇంత దూరం నడిచొచ్చింది ఇందుకా!"

నక్క టుంబో పక్కకి జరిగి, "కాస్త దగ్గవయ్యా. పోనీ, కుంటు" అని గొణిగింది. పాపం, టుంబో దగ్గబోతే తేన్పు వచ్చింది.

ఆ తర్వాత వారం రోజుల్లో ఒక్క గూడు కూడా అమ్ముడుపోలేదు. బాతులు వట్టి చేతులతో తిరిగెళితే దీవిలో నలభై కుటుంబాలు పస్తే. సారంగికి ముద్ద దిగడం లేదు. టుంబో తనే చిక్కిపోదామని ఉపవాసం మొదలెట్టాడు గానీ మధ్యాహ్నానికల్లా విరమించాడు.

ఆ బాధలోనే దుకాణం వెనక్కి వెళ్లిన టుంబోకి ఒక తుమ్మచెట్టు, దాని నిండా గూళ్లు కనిపించాయి. కొమ్మ మీద ఒక బక్క గిజిగాడు వంచిన తల ఎత్తకుండా అల్లుతున్నాడు. అతని పేరు పుల్లన్న.

"ఏం పనితనమయ్యా! నాకంటే బాగా అల్లావే! ఎవరూ కొనరా?"

"నేనిక్కడివాణ్ణి కదన్నా" అన్నాడు పుల్లన్న.

టుంబో అతన్ని రెక్క పట్టుకుని కరిణమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు. "అమ్మా, ఇతను నిజంగానే ఆకలితో ఉన్నాడు. చూడండి, అన్నీ ఎముకలే!"

"మన పుల్లన్నా? వాడెప్పుడూ అంతేలే. వట్టి బద్ధకస్తుడు."

"పొద్దున్నుంచీ అల్లుతూనే ఉన్నాడు కదమ్మా!"

"అదే చెప్తున్నా. వేరే పనేం చెయ్యడు."

ఆ మాట వింటున్న సారంగి సిగ్గుతో చితికిపోయింది. "ఏడాదిగా రోజూ నీ చెట్టు కిందనుంచే నడిచాను పుల్లన్నా. ఒక్కసారీ తలెత్తి చూడలేదు" అని, అతని గూళ్లను దుకాణంలో ముందు వరసలో పెట్టింది. ఈ రోజుకీ అవి అక్కడే ఉన్నాయి.

టుంబో మాత్రం ఒక ఉపాయం ఆలోచించాడు. పుల్లన్నని నిలబెట్టి, ఎలుగుబంటి చేత నెత్తిన కుండెడు నీళ్లు పోయించి, బొమ్మ గీశాడు. ఆ బొమ్మా, తుమ్మచెట్టు మీది మిగతా గూళ్లూ బాతులకెత్తి దీవికి వెళ్లిపోయాడు. అక్కడ దుకాణం తెరిచాడు.

దీవంతా ఘొల్లుమంది. "సముద్రం అవతల ఎంత కష్టమో!" అంటూ, పుట్టినప్పటి నుంచీ గూళ్లల్లే గిజిగాళ్లే ఎగబడి గూళ్లు కొన్నారు. పుల్లన్న ఇంటికి బస్తాలకొద్దీ ఎండు కొబ్బరి వచ్చింది.

ఇక్కడ అడవిలో టుంబో కంటికి కనబడక నెల తిరిగేసరికి కరిణమ్మ మనసు పీకింది. "ఈపాటికి మళ్లీ చిక్కిపోయి ఉంటాడు, వెర్రినాయన" అని మూడు దీవి గూళ్లు కొంది. ఆమెను చూసి అందరూ కొన్నారు. ఇప్పుడు నడిసముద్రం మీద రెండు బాతుల గుంపులు ఒకే రకం గూళ్లతో ఎదురుపడి, ఒకదాన్నొకటి చూసి నవ్వుకుంటూ పోతుంటాయి.

నీతి: సాటివాడి మీద జాలి పుట్టాలంటే మధ్యలో కనీసం ఒక సముద్రమైనా ఉండాలి.