వెర్నా పట్టిన దొంగ ఓటు

ఆ శనివారం ఉదయం హాస్కెల్ వారింట్లో ఉన్నవాళ్లు వీళ్లు: వెర్నా, ఆమె భర్త క్లేటన్, క్లేటన్ తల్లి ఐలా, సగం చెవుడు వచ్చిన ముసలి కుక్క. ఓవెన్‌లోని బీన్స్ కుండను కూడా మనిషి కిందే లెక్కెయ్యాలి. వెర్నా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా పట్టించుకున్నది దాన్నే. సాయంత్రం చర్చి హాల్లో ఊరందరికీ బీన్స్ భోజనం. పంది మాంసం ముక్కలూ నల్లబెల్లం పాకమూ వేసి కుండ ఎక్కించింది. మధ్యలో ఒకసారి నీళ్లు పోస్తే చాలు. ఈలోగా ఊరి ఎన్నికలో జరిగిన మోసాన్ని బయటపెట్టి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, తలకు రోలర్లు చుట్టుకోవాలని ఆమె పథకం.

టాల్‌బట్ మిల్స్ అనే ఆ ఊళ్లో ఆ మంగళవారమే ఓటింగ్ జరిగింది. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లకూ, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లకూ ఆ కారణం చూపి అద్దె ఇల్లుగానీ ఉద్యోగంగానీ లేదనకూడదని ఊరు ఒక నియమం పెట్టుకోవాలా వద్దా అన్నది ప్రశ్న. "వద్దు" పక్షానికి నాయకురాలు వెర్నా. "కావాలి" పక్షం నాలుగు ఓట్లతో గెలిచింది. పిండి పొరల్లో పళ్లు పెట్టి కాల్చే "పై" వంటకాల పోటీలో ఒకసారి రెండో బహుమతి వస్తేనే న్యాయనిర్ణేతల చేత మళ్లీ తినిపించిన మనిషికి ఇది ఎలా మింగుడుపడుతుంది?

పైగా ఇది ఇంటి వ్యవహారం కూడా. రోడ్డుకు అవతలున్న చిన్న ఇల్లు క్లేటన్‌ది. అందులో వెండెల్, మార్సెల్ అని ఇద్దరు మగవాళ్లు కాపురముంటున్నారు. వసంతంలో వాళ్ల ఒప్పందం ముగియగానే ఖాళీ చేయించాలని వెర్నా ఎప్పుడో నిశ్చయించుకుంది. ఈ నియమం నిలబడితే అది కుదరదు. ప్రతి గురువారం రోడ్డు దాటి వాళ్లతో పేకాడుకునే ఐలా ఏమనుకుంటుందో ఎవరూ అడగలేదు. అత్తగారి తరఫున అనుకునే పని కూడా వెర్నాయే చేసేది.

అత్తగారి రొట్టెకు వెన్న తనే రాసేది. టీవీలో ఏం చూడాలో తనే పెట్టేది. పుట్టినరోజు కార్డులకు జవాబులు రాసి, కింద ఐలా అని తనే సంతకం చేసేది. డాక్టరు ఎలా ఉన్నారని ఐలాను అడిగితే "బాగానే ఉన్నారు" అని వెర్నా చెప్పేది.

"అత్తయ్యా, నేను బయటికెళ్తున్నా. పది దాటాక కుండలో కాసిని నీళ్లు పొయ్యాలి. మీరు మాత్రం కుర్చీలోంచి లేవకండి. ఏం శ్రమపడకండి!"

"రెండూ ఎలాగే?" అంది ఐలా.

అప్పటికే వెర్నా కారెక్కేసింది.

టౌన్ ఆఫీసులో క్లర్కు నదీన్ బల్ల మీద కాఫీ పెట్టుకుని కూర్చుంది. ఇద్దరూ ఒకే బెంచీలో చదువుకున్నవాళ్లు.

"ఓట్లలో మోసం జరిగింది. ఫిర్యాదు రాసుకో," అంది వెర్నా.

"ఏం మోసం?"

"అది నువ్వు చెప్పాలి. జీతం తీసుకునేది నువ్వు."

నదీన్ కాఫీ కప్పు పక్కకు జరిపింది. "వెర్నా, చిన్నప్పట్నుంచీ ఎరిగినదాన్ని గనక చెప్తున్నా. దీన్ని కదపకు. ఇంటికెళ్లి బీన్స్ చూసుకో."

ఈ మాట వినగానే వెర్నా కళ్లు మెరిశాయి. కదపొద్దంటోందంటే కింద ఏదో ఉందన్నమాట!

"కప్పిపెడుతున్నావన్నమాట! అయితే తప్పకుండా రాయి."

"ఒకసారి రాశాక వెనక్కి తీసుకోవడం నీ చేతుల్లో ఉండదు. నువ్వు ఎక్కడ ఏం పట్టినా నేను రాయాల్సిందే. నీ వెంట రావాల్సిందే."

"రా! కోటు వేసుకో!"

వెర్నా అనుమానం మొదట రాయిస్ బీల్ మీద పడింది. అతను తన వాకిట్లో "వద్దు" బోర్డు పెట్టలేదు. బోర్డు పెట్టనివాడు అటువైపు వాడే అయ్యుంటాడు. పైగా ఊరి పొలిమేర సరిగ్గా అతని ఇంటి మధ్యలోంచి పోతుంది. వంటిల్లు ఈ ఊళ్లో, పడగ్గది పక్క ఊళ్లో. ఎన్నికల చట్టానికి మనిషి ఎక్కడ తింటాడన్నది అనవసరం, ఎక్కడ పడుకుంటాడన్నదే ముఖ్యం. అందుకని రాయిస్ ముప్పై ఏళ్లుగా మంచం వంటింట్లోనే వేసుకుని, టాల్‌బట్ మిల్స్ పౌరుడిగా గురకపెడుతున్నాడు.

వెర్నా తలుపు తోసుకుని లోపలికి వెళ్లి చూస్తే వంటింట్లో మంచం లేదు.

"మంచం ఏదీ?"

"కట్టెల పొయ్యి ఆ గదిలోకి మార్చానమ్మా. చలికాలం వస్తుంది కదా అని మంచం కూడా దాని వెనకే వెళ్లింది," అన్నాడు రాయిస్.

"ఎప్పుడు?"

"వేసవి చివర్లో."

వెర్నా నదీన్ వైపు గర్వంగా తిరిగింది. "రాసుకో! పక్క ఊరివాడు మన ఊళ్లో ఓటేశాడు. ఒక 'కావాలి' ఓటు కొట్టెయ్!"

"కావాలా?" రాయిస్ నొచ్చుకున్నాడు. "నేను నీకే వేశాను తల్లీ! బ్లూబెర్రీ పై పంపించావు కదా, వెయ్యకపోతే బాగుంటుందా? కావాలంటే బైబిలు మీద ప్రమాణం చేస్తాను."

నదీన్ రాసుకుంది.

వెర్నా నాలుక కరుచుకుంది, కానీ ఆమె ఆగే మనిషి కాదు. పోయిన ఒక్కటీ రాబట్టుకోవడానికి ఇంకొకటి పట్టుకోవాలి. శీతాకాలం ఫ్లోరిడాలో గడిపేవాళ్లు ఇక్కడా అక్కడా రెండుచోట్లా ఓటేస్తారని ఎక్కడో విన్నది. అలా వెళ్లేవాళ్లెవరో కనుక్కోవడానికి తన పక్షం కోశాధికారి హార్లన్ క్రాస్బీకి అక్కడికక్కడే ఫోన్ కలిపి, నదీన్‌కు వినపడేలా స్పీకరు పెట్టింది.

"హార్లన్, మోసగాళ్లను పడుతున్నాం! ఫ్లోరిడాలో ఇల్లు పెట్టుకుని ఇక్కడ ఓటేసినవాళ్లెవరైనా తెలుసా?"

"తెలియకేం? మేమే!" హార్లన్ గొంతు హుషారుగా మోగింది. వెనకనుంచి సముద్రం హోరు వినిపిస్తోంది. "పన్ను కలిసొస్తుందని వసంతంలోనే ఇక్కడివాళ్లమైపోయాం. అయినా నిన్ను వదిలేస్తామా? నేనూ డాటీ ఇద్దరం పోస్టులో పంపించేశాం. నువ్వే కదా, ప్రతి ఓటూ ముఖ్యమే అన్నావు!"

వెర్నా ఫోన్ పెట్టేసింది. నదీన్ పెన్ను విదిలించి మళ్లీ రాసుకుంది.

"మూడు," అంది నదీన్ మెల్లగా. "మూడూ నీవే. ఇంక ఇంటికి పోదామా? ఇప్పటికైనా విను."

ఇంతలో రాయిస్, నొచ్చుకున్న మనసుతోనే, పొయ్యిలో కట్టె తోస్తూ అన్నాడు: "మంచం జరుపుకున్న ముసలాణ్ని పట్టుకున్నారు గానీ, అసలు గొడవ ఓటింగ్ హాల్లో జరిగింది కదా. ఎవరో పెద్దావిడ వచ్చింది. మీ ఓటు పోస్టులో ఎప్పుడో వచ్చేసిందన్నారు. నేనేం పంపలేదని ఆవిడ బల్ల గుద్దింది. చివరికి ఆవిడ ఓటు తీసుకుని, తగాదా ఓటని కవర్లో పెట్టి సీలేశారు."

"రెండుసార్లు ఓటు!" వెర్నా ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఎవరావిడ?"

రాయిస్ నదీన్ వైపు చూశాడు. నదీన్ కిటికీ వైపు చూసింది.

"నాకు కళ్లు సరిగా ఆనవమ్మా," అన్నాడు రాయిస్.

"ఆ ముసలావిణ్ని హాలుకు ఎవరు తీసుకొచ్చారు? అదైనా కనిపించిందా?"

"వెండెల్ ట్రక్కులో దిగింది."

ఇంకేం కావాలి? అద్దెకున్న ఆ ఇద్దరూ ఎక్కడినుంచో ముసలమ్మలను తోలుకొచ్చి దొంగ ఓట్లు వేయిస్తున్నారు! దారిలో చర్చి హాలు దగ్గర కారు ఆపి, బల్లలు సర్దుతున్న ఆడవాళ్లందరినీ సాక్ష్యానికి రమ్మంది. వాళ్లు సాయంత్రానికి తెచ్చిన "పై" వంటకాల పళ్లేలు చేతుల్లో పట్టుకునే కార్లెక్కారు.

వెండెల్ ఆ సమయానికి వెర్నా ఇంటి ముందు మంచు తోస్తున్నాడు.

"మా వాకిట్లో నీకేం పని?" అని గద్దించింది వెర్నా.

"మంచు ఎత్తుతున్నానండీ. మూడేళ్లుగా నేనే కదా ఎత్తేది."

ఇన్నాళ్లూ తన హోదా చూసి ఊరివాళ్లే ముందుగా తన వాకిలి శుభ్రం చేయిస్తున్నారని వెర్నా అనుకుంటూ వచ్చింది. ఆ సంగతి తర్వాత ఆలోచించవచ్చు.

"నీ ట్రక్కులో వచ్చి దొంగ ఓటేసిన ముసల్ది ఎక్కడ? మర్యాదగా చెప్పు. చెప్పకపోతే వసంతం దాకా కూడా ఆగను, రేపే సామాన్లు బయట పెట్టిస్తా!"

వెండెల్ ముఖం పాలిపోయింది. అవతలి ఇంటి గుమ్మంలోకి మార్సెల్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో తడి గిన్నె, దాన్ని తుడవడం మరిచిపోయాడు. ఆ ఇల్లు వదిలితే ఇంత చలిలో ఎక్కడికి పోతారో ఇద్దరికీ తెలియదు.

"నేను చెప్పనండీ," అన్నాడు వెండెల్. "చెప్పొద్దని ఆవిడ మాట తీసుకుంది."

"చూశారా! చూశారా!" అంటూ పై పళ్లేల వాళ్ల వైపు తిరిగింది వెర్నా. "నదీన్, నువ్వు చెప్పు. ఆవిడెక్కడుంటుంది? ఇప్పుడే పద, అందరి ముందూ నిలదీస్తా!"

నదీన్ నిట్టూర్చి, వెర్నా ఇంటి మెట్లెక్కి, తలుపు కొట్టింది.

తలుపు తీసింది ఐలా. కోటు వేసుకుని ఉంది, చేతిలో పేకముక్కల పెట్టె. ఆవిడ వెనకనుంచి మాడు వాసన గుప్పుమంది.

"నేనే ఆ ముసల్దాన్ని," అంది ఐలా. "అయితే నేనేసింది ఒక్క ఓటే. హాల్లో, నా చేత్తో, కావాలని వేశాను. గురువారం పూట నన్ను నువ్వెలా ఉన్నావని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగేవాళ్లు వాళ్లిద్దరే. పోస్టులో వెళ్లిన ఓటు సంగతి నాకు తెలీదు. దాని మీద నా సంతకం మాత్రం చాలా బాగుందిట. నాకంటే చక్కగా పెట్టారుట."

పై పళ్లేలు పట్టుకున్నవాళ్లలో ఒకావిడ దగ్గింది.

"నేను... మీకు శ్రమ ఎందుకని..." అంది వెర్నా.

"ఇదే నీకు పొద్దుట్నుంచీ చెప్పలేక చస్తున్నాను," అంది నదీన్. "కదపకుండా ఉంటే ఆ కవరు సీలు అలాగే ఉండిపోయేది. ఇప్పుడు పోస్టులో వచ్చిన 'వద్దు' పోతుంది, కవర్లోని 'కావాలి' లెక్కలోకొస్తుంది. ఇందాక పోయిన మూడూ కలిపితే, నాలుగు ఓట్ల తేడా కాస్తా తొమ్మిదైంది. ఆ సంతకం గురించి సోమవారం ఆఫీసుకు రా, మాట్లాడాలి. వచ్చేటప్పుడు లాయర్ని తెచ్చుకో."

క్లేటన్ ఆవులిస్తూ తల్లి వెనక ప్రత్యక్షమయ్యాడు. "ఏమైంది? బీన్స్ అయ్యాయా?"

"అయిపోయాయిరా, పూర్తిగా అయిపోయాయి," అంది ఐలా. "నీళ్లు పొయ్యమంది. శ్రమపడొద్దని కూడా అంది. రెండోది గట్టిగా చెప్పింది కదా, అదే పాటించాను. క్లేటన్, ఆ ఇల్లు నీదేగా. నీ నోటితో నువ్వు చెప్పు. వసంతంలో వాళ్లు ఖాళీ చెయ్యాలా?"

క్లేటన్ మొదట అలవాటు కొద్దీ వెర్నా వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు చూశాడు. తర్వాత, వాకిట్లో శుభ్రంగా ఎత్తిన మంచు వైపు చూశాడు.

"అక్కర్లేదు," అన్నాడు.

రోడ్డవతల మార్సెల్ గిన్నె తుడవడం మొదలుపెట్టాడు.

"వెండెల్ బాబూ, మార్సెల్‌ను తీసుకుని లోపలికి రండి. ఇవాళ ఆట మా ఇంట్లో. నదీన్, నువ్వూ రావే. ఆ పై పళ్లేలు కూడా రమ్మను, బయట చల్లారిపోతున్నాయి," అంది ఐలా. ఒక్కొక్కళ్లే బూట్లు దులుపుకుని మెట్లెక్కారు. అందరి వెనకా వెర్నా కూడా ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"అత్తయ్యా, చలేస్తోంది."

"అయ్యో, నువ్వెందుకే శ్రమపడటం?" అంది ఐలా ప్రేమగా. "నీ బదులు నేను వెచ్చగా కూర్చుంటాలే."

తలుపు మూసుకుంది. ఈ ఫలితం మీద మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయలేదు.