మేయర్‌గారి ఒక్క పేజీ

మా మేయర్ పరుషెవ్‌గారికి బొత్తిగా తీరిక లేదని మున్సిపాలిటీ అధికారికంగా ప్రకటించింది. ఆ నోటీసు మీద గుండ్రటి ముద్ర కొట్టింది నేనే. బల్గేరియాలో ముద్ర పడితే గానీ కాగితం కాగితం కాదు.

ఆయనకు తీరిక లేకపోవడానికి కారణం గొప్పది. ఇంటర్నెట్‌లో కోటల యుద్ధం ఆడతారు. నాలుగు కోటలకు అధిపతి. మిత్రుల సందేశాలు, గూఢచారుల కబుర్లు, ఏ గోడ ఎంత గట్టిదో చెప్పే పట్టికలు కలిపి రోజుకు అరవై పేజీలు వచ్చి పడతాయి. ఒక్క మనిషి ఎంతని చదువుతాడు? అందుకే ప్రజాహితం కోరి జ్లాతినా అనే అమ్మాయిని సలహాదారుగా నియమించారు. అరవై పేజీలను ఒక్క పేజీ చేయడం ఆమె ఉద్యోగం.

ఆమె పనితనం ముచ్చటేసేది. ప్రమాదమైతే ఎర్ర చుక్క, లేకపోతే పచ్చ చుక్క, చివర ఒకే ప్రశ్న: కాపాడాలా, వదిలేయాలా? మేయర్‌గారు పొద్దున్నే జున్ను పొరల బనిత్సా తింటూ టిక్కు పెట్టి సంతకం చేసేవారు. ఆయన సంతకమున్న ప్రతి కాగితానికీ ముద్ర కొట్టాలని మా రూలు. వెన్న మరకల పక్కనే కొట్టేవాణ్ని.

ఒకరోజు ఇంజనీరు రాడ్కో బాబాయ్ నూట నలభై పేజీల రిపోర్టు మోసుకొచ్చాడు. ఏటి కట్ట బీటలు వారిందట. కట్ట కింద ముప్పై ఇళ్లు. అందులో ఒకటి నాది.

"ఇంత లావు రిపోర్టు ఎవరు చదువుతారు బాబాయ్?" అన్నాను.

"సన్నగా రాస్తే పని చెయ్యలేదంటార్రా!"

"ఇటివ్వండి," అంది జ్లాతినా. "రేపటి పేజీలో ఇరికిస్తా. గోడంటే ఆయన ప్రాణం పెడతారు. ఆటలోదే అనుకుని కాపాడమంటారు. నువ్వు ముద్ర కొట్టెయ్, ఆర్డరైపోతుంది."

మర్నాడు మేయర్‌గారు జ్లాతినానూ నన్నూ లోపలికి పిలిచారు. ఎర్ర చుక్క పక్కన ఇలా ఉంది: 'ఏటి పక్క గోడకు బీటలు. మూడు రోజుల్లో భారీ వాన. వెనక ముప్పై ఇళ్లు. కాపాడాలా, వదిలేయాలా?' మేయర్‌గారు తినడం ఆపి రెండుసార్లు చదివారు. అంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు.

"ఈ ముప్పై ఇళ్లవాళ్లది ఏ లెవెలమ్మా?"

"మొదటి లెవెలే సార్."

"సైన్యముందా?"

"కుక్కలున్నాయి సార్," అన్నాను, ఉండబట్టలేక.

"కుక్కల కోసం అంత రాయి తగలెయ్యమంటావా?"

'వదిలేయాలి' దగ్గర టిక్కు పడింది. ఆయన సంతకం చేసి, ఇంకో బనిత్సా ముక్క అందుకున్నారు.

"అన్నట్టు, నీళ్లు తోడే పంపులు మూడూ సాయంత్రానికల్లా కొండమీద మా ఇంటికి పంపించెయ్. కింద గదిలో వైన్ పీపాలున్నాయి, చెమ్మ తగిలితే పాడైపోతాయి."

జ్లాతినా ముఖం పాలిపోయింది. ఆమె పేజీలో పంపుల ఊసే లేదు. ఆ ఆటలో పంపులే లేవు.

సాయంత్రం మున్సిపాలిటీ ట్రాక్టరు మూడు పంపులనూ వేసుకుని మా వీధిలోంచే కొండకు బయల్దేరింది. ఎక్కడో మంటలంటుకున్నాయేమో, ఆర్పడానికి పోతున్నారనుకుని మా వీధివాళ్లు పిల్లల్ని పక్కకు లాక్కుని దారిచ్చారు.