రానీ... రానీ...

ఉదయం ఎనిమిదికి యానాంలో బయలుదేరితే పదింటికల్లా కాకినాడ కంటి ఆసుపత్రిలో ఉండవచ్చని ఉమామహేశ్వరం మాస్టారి ఆలోచన. తల్లి రమణమ్మ ఆ పరీక్షను అప్పటికే మూడుసార్లు వాయిదా వేసింది. "నా కళ్ళకేం? దివ్యంగా కనపడతన్నాయి" అనేది. బస్సు పడదంది, ఆటోలో నడుం పట్టేస్తుందంది, చివరికి కారయితే చూద్దామంది. మాస్టారు ఒక పాత కారు కొన్నారు. ఆవిడ దగ్గర సాకులు అయిపోయాయి.

ఏడింటికి స్టిక్కర్ల అప్పారావు ఇంటికే వచ్చి, వెనక అద్దం మీద "అమ్మ దీవెన" అని అతికించాడు. భార్య కామేశ్వరి కాఫీ అందిస్తూ చదివి, "బాగుంది" అంది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ మాటకి అర్థం మాస్టారికి బాగా తెలుసు. కింద "కామేశ్వరి" వచ్చింది.

దరియాలతిప్ప నుంచి మామగారు వీడియో కాల్‌లో అద్దం చూశారు. కారు కోసం తాను మూడు రోజులు తిరిగిన సంగతి ఆయన గుర్తు చేయలేదు. దగ్గారంతే. "అత్తమామల ఆశీస్సులు" చేరింది. అగ్రహారం నుంచి వచ్చిన చెల్లెలు శిరీష, ఓటర్ల జాబితాలో పేరు వెతుక్కున్నట్టు అద్దాన్ని పైనుంచి కిందికి చూసింది. ఆవిడ పేరూ పడింది. డ్రైవింగ్ నేర్పిన పక్కింటి ఆటో లూయిస్ తన పేరు వద్దన్నాడు, పైవాడి గుర్తుగా ఒక పావురం చాలన్నాడు. అప్పారావు దగ్గర రెక్కలు విప్పిన పావురమే ఉంది. మిగిలిన కాస్త జాగాలో అతను తన ఫోన్ నంబరు అతికించుకున్నాడు.

మాస్టారు కారెక్కి వెనక్కి చూస్తే దీవెనలు కనబడ్డాయిగాని వీధి కనబడలేదు.

"నేను చెప్తాను గదా, నువ్వు రా" అంటూ రమణమ్మ వెళ్ళి గేటు పక్కన నిలబడింది. "రానీ... రానీ... బోలెడు చోటుందిరా, రానీ..."

గేటు పక్కనే ఏటవాలుగా ఒరిగిన కొబ్బరిచెట్టు అద్దంలోంచి లోపలికి వచ్చింది. ఇంటిల్లిపాది దీవెనలూ పటికబెల్లం ముక్కల్లా వెనక సీట్లో రాలాయి.

శకునం బాగోలేదు, ఇవాళ్టికి వద్దులే అన్నయ్యా అంది శిరీష. నాలుగో వాయిదా ఖాయమనుకుని మాస్టారు స్టీరింగు మీద తల ఆనించారు.

రమణమ్మ మాత్రం నెమ్మదిగా వచ్చి చెట్టుని చేత్తో తడిమింది.

"ఇది ఎప్పట్నుంచి ఉందిరా ఇక్కడ?"

"నువ్వు పాతిందే గదమ్మా."

ఆవిడ గొంతు తగ్గించి, "కనపళ్ళేదురా" అంది. "ఏడాదయింది, సరిగా కనపడక. కోస్తారని భయమేసి చెప్పలేదు."

కామేశ్వరి వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "డాక్టరు దగ్గరికి నేనూ లోపలికొస్తానత్తయ్యా."

"అయితే పద. లూయిస్, ఆటో తియ్యి నాయనా."

నడుం సంగతి ఎవరూ ఎత్తలేదు.

నెల తర్వాత కొత్త అద్దం వచ్చింది. ఎవరి పేర్లు వాళ్ళ దగ్గరే ఉంచుకోమని రమణమ్మ ఖండితంగా చెప్పేసింది. కామేశ్వరి అప్పారావుని పిలిచి, అద్దం అంచున చిన్న అక్షరాలతో రెండే మాటలు అతికించమంది: "రానీ... రానీ..." రమణమ్మ బాగుపడిన కంటితో అది చదివి, కోడలి వీపు మీద ఒకటి వేసి నవ్వింది.

వెనక వచ్చే లారీలవాళ్ళు మాత్రం, పిలిచారు గదా అని దగ్గరికే వస్తున్నారు.