గళ్ళగుడ్డ కింద ఫ్రెంచి

తొలకరి పడేలోగా దివిసీమ బాలబాలికలు ఫ్రెంచిలో మాట్లాడతారని మంత్రిగారు గుడివాడ బహిరంగసభలో ప్రకటించారు. ఉప్పెన వచ్చి వెళ్ళిన మరుసటి వేసవి అది. ఫ్రాన్సు నుంచి ఒక ధర్మసంస్థవారు సీమలోని బడులను చూడడానికి వస్తున్నారు.

"బందరులో పరాసుపేట ఎందుకుందయ్యా? పరాసులంటే ఫ్రెంచివాళ్ళే, వాళ్ళు మనవాళ్ళు కాబట్టి! ఆ భాష మన రక్తంలోనే ఉంది. కాస్త కదిలిస్తే చాలు," అన్నారు మంత్రిగారు.

రక్తంలో భాష ఉంటుందా అని అడిగేంత కుసంస్కారం ఆ సభలో ఎవరికీ లేదు.

కదిలించే బాధ్యత స్పెషలాఫీసరు పూర్ణచంద్రరావుగారి మీద పడింది. ఆయన ఆడిట్ శాఖ మనకు ప్రసాదించిన మేధావి. ఆడిటర్లు బల్లనిండా పరుచుకునే పొడుగాటి గళ్ళకాగితం ఒకటుంటుంది, దాన్ని స్ప్రెడ్‌షీటంటారు. గడిలో పెట్టగలిగితే ప్రపంచంలో లొంగని విషయమే లేదని ఆయన సిద్ధాంతం. గడికొక బొమ్మ, దాని కింద తెలుగు మాట, దాని కింద ఫ్రెంచి మాట. పిల్లలు వేలుపెట్టి ఒక్కొక్క గడీ దాటాలి. చివరి గడి దాటితే ఫ్రెంచి వచ్చినట్టు. రాలేదని రుజువు చేయడానికి ఆ చుట్టుపక్కల ఫ్రెంచి తెలిసినవారెవరూ లేరు గనుక, పద్ధతి శాస్త్రీయంగా నిర్దుష్టమైనది.

ఆ కాగితాలు ముందుగా అందినది సత్యవతమ్మకు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఆవిడ హెడ్మాస్టరమ్మ. ఆవిడ బడికి నాలుగు గోడలున్నాయి. కప్పు ఉప్పెనతో పోయింది. అప్పటినుంచి ఆవిడకున్న కోరిక ఒక్కటే: మళ్ళీ వానలు పడేలోగా పిల్లల తలలమీద ఏదో ఒకటి ఉండాలి. వేసవి సెలవులు రద్దుచేసి ఫ్రెంచి మొదలుపెట్టమంటే అందుకే గొణగకుండా మొదలుపెట్టింది. ధర్మసంస్థ తరఫున వచ్చే దొరసాని పిల్లలను అడిగే ప్రశ్న ఒకటేనట: మీకేం కావాలి?

మొదటి కాగితం గాలికి ఎగిరి కాలవలో పడింది. రెండోది ఎండకు పెళుసెక్కి చిరిగింది. పూర్ణచంద్రరావుగారు జీపులో వచ్చి, గోడల మధ్య నిలబడి, పైకి చూడకుండా పరిశీలించారు.

"కాగితం నాసిరకం," అని తేల్చారు.

"కాగితం మంచిదేనండీ. పైన కప్పు లేదు," అంది సత్యవతమ్మ.

"కప్పు ఇంజనీర్లు చూసుకుంటారమ్మా. నాది ఫ్రెంచి."

"పోనీ, ఒక గడిలో కప్పు అనే మాటైనా వేయించండి."

"లేనిదాని పేరు నేర్పితే అది భాష కాదమ్మా, అర్జీ అవుతుంది."

"ఆకాశంనుంచి రాలే మంచు అని మొదటి వరుసలోనే వేశారు కదండీ! మా ఊళ్ళో అదెక్కడుంది?"

ఆఫీసరుగారు ఓపిగ్గా నవ్వారు. "అది లేకపోవడం ప్రభుత్వ తప్పిదం కాదు కదమ్మా!"

ఈసారి గళ్ళు గుడ్డమీద అద్దించాలని నిర్ణయమైంది. పెడనలో కలంకారీ అద్దకం చేసే హనీఫ్‌కు ఆర్డరిచ్చారు.

"ఆపిలు అచ్చు లేదు సార్. మామిడిపిందె ఉంది," అన్నాడు హనీఫ్.

"అదే వెయ్యి. కింద ఆపిలు అని ఉంటే ఆపిలే."

"కోటకేం ఫర్వాలేదు, దుప్పట్లకేసే అచ్చుంది. రాలే మంచు ఎట్టా ఉంటదండీ?"

"తెల్లగా ఉంటుంది."

"గుడ్డా తెల్లగానే ఉంది. అయితే ఆ గడి అయిపోయినట్టే!"

గదంత వెడల్పున గుడ్డ వచ్చింది. మన పిల్లలకు ఏ విద్య అయినా ఎక్కంలాగే ఎక్కుతుంది. "పొమ్ ఆపిలూ, నేజ్ మంచూ, షాతో కోటా" అని రెండో ఎక్కం బాణీలో ఊరంతా మోగించారు. మూడో గడి అడిగితే మొదటి గడినుంచి రావలసిందే.

సత్యవతమ్మ ఆ గళ్ళన్నీ గాలించింది. కప్పు ఉన్న వస్తువు వాటిలో ఒక్కటే కనిపించింది.

"ఏం కావాలని అడిగితే షాతో అని చెప్పండర్రా," అంది.

"అది రాజులుండేది కదండీ టీచరుగారూ?" అంది క్లాసులో గట్టి గొంతుగల నాగూర్ బీ.

"దానికి కప్పుంటుందమ్మా. మనకు కావలసింది అంతవరకే."

దొరసాని వచ్చే రోజు రానే వచ్చింది. అవనిగడ్డనుంచి రావలసిన షామియానా మంత్రిగారి మరో సభకు తరలిపోయింది. అతిథులకు ఎండ తగలకూడదని పూర్ణచంద్రరావుగారు గళ్ళగుడ్డనే గోడలమీదినుంచి బిగించి కట్టించారు. ఉప్పెన తరువాత ఆ గదిలో నీడ పడడం అదే మొదలు. సత్యవతమ్మకు కాసేపు ఫ్రెంచిమీద గౌరవం కలిగింది.

తెల్లజుట్టు దొరసాని లోపలికి వచ్చి, పైకి చూసి, చేతులు జోడించింది. తరువాత పిల్లలవైపు వంగి ఏదో అడిగింది. హైదరాబాదునుంచి వచ్చిన దుబాసీ నోరు తెరవబోయాడు.

"మీరాగండి," అన్నారు మంత్రిగారు. "మా పిల్లలకు దుబాసీ అక్కర్లేదు."

నాగూర్ బీ లేచింది. "పొమ్... నేజ్... షాతో!" అని అక్కడ ఆగింది. దొరసాని మళ్ళీ అడిగింది. "షాతో!" అన్నారు పిల్లలందరూ.

సత్యవతమ్మ దుబాసీ దగ్గరకు జరిగింది. "కప్పండీ, వాళ్ళడిగేది కప్పు..."

"అమ్మా," అన్నారు పూర్ణచంద్రరావుగారు మెల్లగా, "కార్యక్రమం ఫ్రెంచిలో నడుస్తోంది."

దొరసాని కళ్ళు తుడుచుకుని చాలాసేపు మాట్లాడింది. ఇప్పుడు దుబాసీకి అనుమతి దొరికింది.

"పిల్లల ఆశయం చాలా గొప్పదంటున్నారు. కానీ కోట కట్టించే స్తోమత వారి సంస్థకు లేదట. కప్పులేని బడి ఏదైనా ఉంటే కప్పు వేయిద్దామని బయలుదేరారట. ఈ బడికి ఇంత అందమైన కప్పు ఉంది గనుక, ఆ సాయం పక్క జిల్లాకు పట్టుకెళ్తారట. ఏమీ అనుకోవద్దంటున్నారు."

"మేమేమీ అనుకోం అని చెప్పండి!" అన్నారు మంత్రిగారు. "ఉన్నదాంతో సర్దుకునే జాతి మాది."

"అది గుడ్డండీ!" అన్న సత్యవతమ్మ మాట చప్పట్లలో కలిసిపోయింది.

దొరసాని కారెక్కింది. ఆవిడ మనసు గళ్ళగుడ్డమీద పడిందని మంత్రిగారు కనిపెట్టారు. మహానుభావులకు ఎదుటివారి అవసరం ఇట్టే తెలుస్తుంది. వెనక నలుగురు మనుషులు గుడ్డ విప్పి, మడతపెట్టి, తెలుగుజాతి కానుకగా కారు డిక్కీలో పెట్టారు. కార్లు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి. ప్రకటించిన గడువు తప్పలేదు. తొలకరి ఇంకా పడలేదు.

తూర్పున మబ్బు కమ్మింది. గోడల మధ్య పిల్లలు మెడలెత్తి, గళ్ళున్న చోటికే చూస్తూ కూర్చున్నారు. ఒక చినుకు నాగూర్ బీ చేతిమీద పడింది. ఆ పిల్ల మొదటి గడినుంచి మనసులోనే వచ్చి, రెండో గడిదగ్గర ఆగింది.

"టీచరుగారూ, నేజ్!"

సత్యవతమ్మ దిద్దలేదు.

"పలకలు తలలమీద పెట్టుకోండర్రా," అంది.